మోకాలి గింజ

"మోకాలా?"

సర్వేయరు నోట్లోంచి ఆ మాట రాగానే వరండాలో కుట్టుమిషను ఆగింది.

మేనత్త నాలిక కరుచుకుంది. కానీ ఏం లాభం? మేనకోడలి ఎడమ చెవిని కిటికీ వెలుతురు వైపు తిప్పి, పైమడత మీద గింజని అంటించిన టేపు ముక్కను చూసి, "ఇదేంటే, దీన్ని తెచ్చి మోకాలి మీద పెట్టిందెవరు?" అనేసింది. మెల్లగా అందామనే అనుకుంది. కానీ జీవితమంతా ఆస్పత్రి వార్డుల్లో అరిచిన గొంతుకి గుసగుస ఎక్కడ చేతనవుతుంది? పక్కగదిలో కొలత గొలుసు తుడుచుకుంటున్న తమ్ముడి చెవిన స్పష్టంగా పడింది.

గుడ్డ చేతిలో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడాయన.

"చెవి చూస్తూ మోకాలంటావేంటక్కా?"

"ఏం లేదురా. నువ్వెళ్ళి పని చూసుకో."

"ఏం లేకపోతే నీ మొహం అలా ఎందుకుంది?"

"నా మొహం పుట్టినప్పట్నుంచీ ఇంతే."

"అత్తా, చెప్పెయ్," అంది ఉడత. కుదురుగా ఒకచోట కూర్చోదని ఇంట్లోవాళ్ళు పిల్లకి పెట్టిన పేరది. ఇప్పుడు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. చెవి ఇంకా అత్త వేళ్ళ మధ్యే ఉంది. "చెప్పకపోతే రాత్రంతా గొలుసు తుడుస్తూనే ఉంటాడు."

మేనత్త నిట్టూర్చింది. "చెవంటే తలకిందులుగా ముడుచుకు పడుకున్న పసిబిడ్డ అనుకోరా. ఇదిగో, ఈ తమ్మె దగ్గర తల. పైన కాళ్ళు. ఇక్కడ చిన్న గుంట ఉంది చూశావా? సూది పెట్టినా, గింజ అంటించినా మనసు నిమ్మళించే చోటు ఇది. దాని పక్కన ఈ గట్టు మీద మోకాలు. నేను పెట్టింది గుంటలో. ఇప్పుడున్నది గట్టు మీద."

"ఎంత తేడా?"

"గింజ వెడల్పు. మహా అయితే ఇంకో గింజ."

సర్వేయరు నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "గింజ వెడల్పు! నేను చేలో హద్దురాయి గింజ వెడల్పు జరిపి పాతితే అన్నదమ్ములు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. జీతం తీసుకునేవాడిని, నేనే అంత జాగ్రత్తగా పాతుతుంటే, నా కూతురి చెవిలో ఎవరికి తోచిన చోట వాళ్ళు పాతేస్తారా?"

"నేనే పాతాను. అయితే ఏంటంట?"

మంచం మీంచి నాయనమ్మ. చిక్కుడుకాయలు వలుస్తోంది. తలైనా ఎత్తలేదు.

"నువ్వా, అమ్మా?"

"నేనే. తలస్నానం చేసిందా, అన్నీ ఊడిపోయాయి. మిగతావి చీపురుకెళ్ళిపోయాయి. ఒక్కటి దిండుకంటుకుని కనపడింది. లేచాక లేదని తెలిస్తే కంగారు పడుతుందని, నిద్రలో ఉండగానే అతికించేశాను. ఎక్కడైతే ఏంటి? చెవి చెవే కదా!"

"అమ్మా!" మేనత్త తల పట్టుకుంది. "నేనేదో చదువుకుని, నేర్చుకుని, పరీక్షలంటే భయపడే హాస్టల్ పిల్లలందరికీ పెడుతుంటే..."

"పెట్టుకో. ఎవరొద్దన్నారు?"

"ఎప్పుడతికించావు?" అడిగాడు సర్వేయరు.

ముసలామె ఇంకో కాయ వలిచింది. "అదే, ఆ ఉత్తుత్తి పరీక్ష ఉందే, దానికి ముందురోజు."

చిక్కుడు గింజలు గిన్నెలో పడుతూనే ఉన్నాయి.

ఉడత మోడల్ పరీక్ష రాసి, మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చిన సాయంత్రం అందరికీ గుర్తొచ్చింది. పశువైద్య కళాశాల ప్రవేశ పరీక్షకి మళ్ళీ వెళ్ళేది లేదని మంకుపట్టు పట్టిన సర్వేయరు, ఆ సాయంత్రమే మెత్తబడి, "సరే, ఆ గింజలేవో పనిచేస్తున్నాయంటే ఇంకొక్కసారి రాయనివ్వండి," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇల్లంతా ఈ నాలుగు రోజులూ ఊపిరి తీసుకుంది. ఆ పరీక్ష రేపు పొద్దునే.

"అంటే," అన్నాడాయన గుడ్డని మడతపెడుతూ, "నాకు చూపించిందంతా ఉత్తదన్నమాట. గింజా లేదు, గుంటా లేదు. మోకాలికి మందు రాసి తలనొప్పి తగ్గిందన్నారు, నేను నమ్మాను."

"నేనెప్పుడు మంత్రం అన్నానురా?" మేనత్త లేచింది. "కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు అని మొదటిరోజే చెప్పాను. దీనికి పట్టింది అన్నాను. అంతే."

"ఎక్కడ పట్టింది? మోకాల్లోనా?"

"నీకు వెటకారం తప్ప ఏం చేతకాదు."

"నాకు కొలవడం చేతనవును. కొలిచాను, తేలింది. రేపు వెళ్ళక్కర్లేదు తల్లీ. మా ఆఫీసులో పటాలు గీసే పని ఖాళీగా ఉంది. పెద్దాయనతో మాట్లాడి ఉంచాను. నీడపట్టున కూర్చుని చేసుకునే పని."

"మాట్లాడి ఉంచావా?" ఉడత తల తిప్పింది. చెవి అత్త చేతిలోంచి జారింది. "ఎప్పుడు?"

సర్వేయరు గుడ్డకి ఇంకో మడత వేశాడు.

"రాయనిస్తానని నాకు మాటిచ్చాకేనా?"

"నీ మంచికే..."

"ఎప్పుడు నాన్నా?"

"ముందే అడిగి ఉంచితే తప్పేంటి? పోయినేడు ఎలా వచ్చావో నేను చూశాను కదా. మళ్ళీ చూడమంటావా?"

మేనత్త తన రేకు డబ్బా మూత తీసింది. దూది, చిన్న సీసా, వెంట్రుకల్లాంటి సూదులు. "మీ నాన్న సంగతి తర్వాత. ముందిటు తిరుగు. ఆ గింజ పీకేసి సరైన చోట పెడతాను. ఒక్క క్షణం పని. అప్పుడు వీడికి మాటుండదు."

ఉడత అరచేత్తో చెవి మూసుకుంది.

"వద్దత్తా."

"ఏంటి వద్దు?"

"తీయొద్దు."

"అది తప్పు చోటే, పిచ్చి మొహమా!"

"తప్పు చోటే. ఆ తప్పు చోటుతోనే మోడల్ పరీక్షలో చివరి గంట కొట్టేదాకా కుర్చీలో కూర్చున్నాను. ఊపిరి ఇరుక్కుంది. అదీ వచ్చింది, రాలేదని నేననలేదు. నొక్కాను. గుచ్చుకుంది. గుచ్చుకుంటోందంటే నేనిక్కడే ఉన్నాను కదా అనిపించింది. ప్రశ్న మళ్ళీ మొదట్నుంచి చదివాను. అర్థమైంది. రాశాను. ఆ రాసిందెవరు? నేనా, గింజా?"

మేనత్తకి కోపం వచ్చింది. చేతిపని మీద మాటపడితే ఎవరికైనా వస్తుంది. "అయితే నేనెందుకు? ఈ డబ్బా ఎందుకు? వారం వారం బస్సెక్కి రావడమెందుకు? చిక్కుడు గింజ అంటించుకో పో!"

"కావాలంటే ఇదిగో," అంది నాయనమ్మ గిన్నె జరుపుతూ.

"నువ్వూరుకో అమ్మా!" అక్కాతమ్ముళ్ళు ఒక్కసారే అరిచారు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట దగ్గరే.

ముసలామె ఊరుకునే రకం కాదు. "నన్నెందుకు కసురుతారు? మోకాళ్ళు గట్టిగా ఉంటేనే మనిషి నిలబడేది. నిలబడ్డాక తల సంగతి చూసుకోవచ్చు. పోయినసారి ఈ పిల్ల ఏం మర్చిపోయి వచ్చిందా? కాళ్ళు వణికి వచ్చింది. నేను పెట్టిందే సరైన చోటు."

"వింటున్నావా అక్కా?" సర్వేయరు చేతులు చాచాడు. "ఇదీ మన ఇంటి వైద్యం. ఇంక చాలు. తల్లీ, మోడల్ పరీక్ష వేరు. తెలిసిన గది, తెలిసిన మాస్టార్లు. రేపటి హాలు వేరు. ఆ గేటు వేరు. పోయినేడు పేపరు సగంలో వదిలేసి నువ్వు పరిగెత్తుకుంటూ రావడం నేను కళ్ళారా చూశాను."

"నేనూ చూశాను నాన్నా," అంది ఉడత.

ఆ మాటలో కోపం లేదు. అయినా సర్వేయరు చాచిన చేతులు దించేశాడు.

"ఏం చూశావే?" అంది మేనత్త.

ఉడత తండ్రి వంక చూసి కళ్ళు దించుకుంది. ఏడాది పొడుగునా పరీక్ష పేరెత్తినప్పుడల్లా ఆ పిల్ల అలాగే కళ్ళు దించుకునేది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

వరండాలో కుర్చీ కిర్రుమంది.

ఉడత తల్లి దర్జీ పని చేస్తుంది. పొద్దస్తమానం ఆమె పెదాల మధ్య గుండుసూదులుంటాయి. అందుకే మాట్లాడదని ఇంట్లో నవ్వులాట. మాట్లాడకుండా ఉండడానికే ఆ సూదులు పెట్టుకుంటుందని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇప్పుడామె లేచి వచ్చింది. నోట్లోంచి ఒక్కో సూదీ తీసి, మణికట్టుకి కట్టుకున్న దూది దిండుకి గుచ్చింది. అన్నీ గుచ్చేదాకా అందరూ ఆమెనే చూస్తూ నిలబడ్డారు.

"చెప్పు," అంది కూతురితో.

"వద్దమ్మా."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏంటీ నాటకం?" అన్నాడు సర్వేయరు.

"ఆ రోజు మీ తెల్ల చొక్కా ఉతికింది నేనే కదండీ. ముందు వైపంతా గేటు తుప్పు. వెనక అంచుకి తడి మట్టి. గేటు దగ్గర నిలబడ్డ మనిషి చొక్కాకి వెనకాల మట్టెలా అంటుతుంది? ఎన్నిసార్లు రుద్దానో నాకు తెలుసు. రుద్దుతూ, మీరు చెప్తారేమో అని చూశాను. మీరు చెప్పలేదు. ఇది కూడా చెప్పలేదు. దీని నోటికి కూడా సూదులున్నాయేమో అనుకున్నాను."

"ఎండ," అన్నాడు సర్వేయరు. "ఎండకి కాస్త..."

"నీడలో నిలబడ్డానని ఆ రోజు నువ్వే చెప్పావు కదరా?" అంది నాయనమ్మ. ఈసారి ఎవరూ ఆమెని ఊరుకోమనలేదు.

ఉడత గొంతు సవరించుకుంది.

"నా సీటు కిటికీ పక్కన పడింది. భయంగానే ఉంది. చేతులు చల్లబడిపోయాయి. పెన్ను జారుతోంది. అయినా రాస్తున్నాను నాన్నా. ఒట్టు, రాస్తూనే ఉన్నాను. తలెత్తి చూస్తే నువ్వు గేటు ఊచలు పట్టుకుని జారిపోతున్నావు. మొహం పాలిపోయింది. చుట్టూ ఎవరూ లేరు. లేచి వచ్చేశాను. నేనొచ్చేసరికి నువ్వు నిలబడి చొక్కా దులుపుకుంటున్నావు. నన్ను చూసి, 'పర్లేదు తల్లీ, భయపడ్డావు కదూ, పర్లేదు పద,' అన్నావు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే!" అంది మేనత్త.

"ఏమని? నేను భయపడలేదు, మా నాన్న భయపడ్డాడు అనా? నేను పరిగెత్తుకు రావడం చూసి గేటు బయట పోగైనవాళ్ళందరూ వింటున్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చాక నువ్వే చెప్తావనుకున్నాను నాన్నా. మర్నాటికి వీధంతా పేపరు వదిలేసి పారిపోయిన పిల్లనైపోయాను. తర్వాత చెప్పాలన్నా ఎవరు నమ్ముతారు?"

సర్వేయరు గోడ వైపు చూస్తున్నాడు. ఊరి పొలాలన్నింటి హద్దులూ ఆయన వేలికొసన ఉంటాయి. ఎవరి గట్టు ఎక్కడిదాకానో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తన భయం ఎక్కడ ఆగుతుందో, కూతురిది ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ గొలుసు వేసి చూసుకోలేదు.

మేనత్త దూదిని సీసాలో ముంచింది. "కూర్చోరా."

"ఎవరిని?"

"నిన్నే. కూర్చో. ఎవరికి పెట్టాలో తెలీక ఇన్నాళ్ళూ పిల్ల చెవి పట్టుకు వేళ్ళాడాను."

"నాకేం రోగం?" సర్వేయరు అరిచాడు. అరిచి, కొక్కేనికున్న బండి తాళం లాగి జేబులో వేసుకున్నాడు. "అందరూ కలిసి నన్ను పిరికివాణ్ణి చేశారు. బాగుంది. రేపు ఈ బండి కదలదు. ఎవరెలా వెళ్తారో వెళ్ళండి."

"బస్సులో వెళ్తాను," అంది ఉడత.

"వెళ్ళు!"

"నువ్వు రావొద్దు నాన్నా."

అరుపుకి అరుపు వస్తుందనుకున్నాడాయన. అదొచ్చి ఉంటే తట్టుకునేవాడు. ఇది మెత్తగా వచ్చింది.

"తల్లీ..."

"రావొద్దు. పరీక్ష నాది. ఈ గింజ తప్పో ఒప్పో, అదీ నాదే. భయం కూడా ఉంది, నాకు సరిపడా ఉంది. నీది కూడా కలిపి మొయ్యలేను. పోయినేడు మోశాను. ఇంక మొయ్యను."

సర్వేయరు గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. జేబులో తాళంచెవి చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది.

"అన్నం టైముకి వచ్చేస్తాడులే," అంది నాయనమ్మ.

రాలేదు.

* * *

పొద్దున పరీక్ష కేంద్రం గేటు దగ్గర వరస మెల్లగా కదులుతోంది. బల్ల ముందు నిలబడ్డ మేడమ్ ఒక్కొక్కరి జేబులూ, చేతులూ, జుట్టూ చూసి లోపలికి వదులుతోంది. ఆమె పొద్దున్నుంచీ ఎంతమందిని చూసిందో, మొహంలో ఏ భావమూ మిగల్లేదు.

"చెవి మీదేంటమ్మా అది?"

"గింజండీ."

"తీసెయ్."

"అది మందు మేడమ్," ఉడత తల్లి ముందుకొచ్చింది. "చెవికి పెట్టే వైద్యం. వాళ్ళత్త నర్సు, కావాలంటే ఫోన్ చేసి..."

"మందైనా, ముత్యమైనా లోపలికి వద్దమ్మా. రూలు. తీసేసి రండి, లేదా పక్కకి జరగండి. వెనక జనం ఉన్నారు."

ఉడత చెయ్యి చెవి మీదకి వెళ్ళి అక్కడే ఆగింది. వేలి కింద గింజ గట్టిగా తగులుతోంది. దాని వెనకాల గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. వరసలో ఎవరో విసుక్కున్నారు.

"అమ్మా," అంది చిన్నగా, "నాన్న వచ్చాడు."

తల్లి వెనక్కి తిరిగింది. రోడ్డు అవతల పెన్నులు, అట్టలు అమ్మే బల్ల ఉంది. దాని వెనకాల, చేలల్లో పెట్టుకునే వెడల్పాటి టోపీ ముక్కు దాకా లాక్కుని సర్వేయరు నిలబడి ఉన్నాడు. అంత పొడుగు మనిషి పెన్నుల బల్ల చాటున ఎంతని దాగుతాడు? రాత్రి వేసుకున్న చొక్కాయే.

"నేను పంపించేస్తాను," అంది తల్లి.

"వద్దు. నువ్విక్కడే ఉండు. వరసలో నా చోటు పోనివ్వకు."

ఉడత చరచరా రోడ్డు దాటింది. కూతురు రావడం చూసి సర్వేయరు ఒక పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"రావొద్దన్నానా?"

"పెన్ను కొందామని..."

"వంగు."

"ఏంటి?"

"వంగు నాన్నా. టైమవుతోంది."

ఆయన వంగాడు. ఉడత ఆయన టోపీ వెనక్కి నెట్టింది. తన చెవి మీది టేపు ముక్కని గోటితో లేపి, ఊడదీసి, తండ్రి చెవి పైమడతలో పెట్టి బొటనవేలితో అదిమింది. టేపు ఇంకా వెచ్చగా ఉంది.

"గుంటలోనా?" అన్నాడాయన.

"గట్టు మీదే. నాయనమ్మ పెట్టిన చోటే." చెయ్యి తీసింది. "కాళ్ళు వణికితే నొక్కుకో. గేటు పట్టుకోకు. నీడలో నిలబడు. పడితే మాత్రం నేను రాను."

"మరి నీకు?"

ఆ పిల్ల రోడ్డు దాటి, తల్లిని దాటి, బల్ల ముందు నిలబడి, ఖాళీ చెవి మేడమ్ వైపు తిప్పి చూపించింది. మేడమ్ తలూపింది. ఉడత లోపలికి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఒకసారి తూలిందో, తూలినట్టు కనపడిందో, ఇంత దూరంనుంచి తెలియలేదు. వెనక్కి మాత్రం తిరగలేదు.

గేటు మూశారు. సర్వేయరు రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చాడు. భార్య ఆయన పక్కన నిలబడింది. ఆమె నోట్లో సూదులు లేవు.

గంట కొట్టారు.

పై అంతస్తులో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వాటి పక్కన వరసగా వంగిన తలలు. సర్వేయరు కళ్ళు ఒకదాని మీంచి ఒకటి జరుగుతూ వెళ్ళి ఒక్కచోట ఆగిపోయాయి. మళ్ళీ కిటికీ పక్కనే పడింది సీటు. మళ్ళీ సరిగ్గా గేటుకి ఎదురుగానే.

ఉడత తల వంచుకుని లేదు. ఆయన్నే చూస్తోంది. ఆమె చెయ్యి చెవి మీదకి వెళ్ళింది. అక్కడేమీ దొరక్క కిందికి దిగింది. మళ్ళీ వెళ్ళింది.

సర్వేయరు మోకాళ్ళలో ఏదో సడలింది. చెయ్యి గేటు వైపు చాచి, మధ్యలోనే ఆపుకున్నాడు.

"ఏవండీ," అంది భార్య.

పైన ఉడత లేచి నిలబడింది. లోపలున్న ఎవరితోనో ఏదో అడిగింది. తర్వాత ఒక చెయ్యి బయటికి వచ్చి, కిటికీ రెక్కల్ని పట్టుకుని లోపలికి లాగింది. ఆ చప్పుడు రోడ్డు దాకా వినపడింది.

"ఎవరు మూశారు? అక్కడి మాస్టారా?" అన్నాడు సర్వేయరు.

"మీ కూతురి చెయ్యి మీకు తెలీదా?"

వరసలో మిగతా కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. అదొక్కటే మూసి ఉంది. దాని వెనక ఆ పిల్ల రాస్తోందో, ఊపిరి కోసం వెతుక్కుంటోందో, ఇంక ఆయనకి తెలిసే దారి లేదు. ఆయన మొహం చూసే దారి ఆ పిల్లకీ లేదు.

సర్వేయరు చెయ్యి చెవి మీదకి వెళ్ళింది. నొక్కాడు. గుచ్చుకుంది. ఇంకా గట్టిగా నొక్కి, గేటుకి ఎడంగా, రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.